జెస్సీని రెండుసార్లు పంపేసింది ఒకే మనిషి

సత్యనారాయణపురం,
విజయవాడ

ఏరా శీనూ,

నీ ఉత్తరం అందింది. మొన్న గుంటూరు పనిమీద వెళ్ళినప్పుడు బ్రాడీపేటలో మీ ఇంటికి కూడా వెళ్ళొచ్చాను. అమ్మగారు బాగానే ఉన్నారు. గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టి, నీకు పార్సిల్ చెయ్యమన్నారు. ఈ వారంలో పంపిస్తాను.

ఇక అసలు విషయానికొస్తాను, అదే మన టాయ్ స్టోరీ సినిమాల గొడవ. ఈ సంగతి ఫోన్లో మాట్లాడుకోకుండా ఉత్తరాల్లో రాసుకోవడమే మేలురా. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యనివ్వవు. “ఆండీ వాళ్ళమ్మే ఎమిలీ అంటే నమ్ముతావా, నమ్మవా, ఒక్క ముక్కలో చెప్పు” అని రాశావు కదా. అంటే బొమ్మల యజమాని ఆండీ వాళ్ళమ్మా, కౌబాయ్ పిల్ల బొమ్మ జెస్సీతో చిన్నప్పుడు ఆడుకుని వదిలేసిన ఎమిలీ ఒకరేనా అని. నమ్ముతాను. కానీ నువ్వు రాసిన కారణంతో కాదు. నువ్వు టోపీ దగ్గరే ఆగిపోయావు. అంతకంటే గట్టి సాక్ష్యం మూడో భాగంలో ఉంది. ముందు టోపీ సంగతి చూద్దాం.

2014లో జాన్ నెగ్రోనీ అనే ఆయన ఈ వాదన రాశాడు. అంతకు ముందు ఏడాది, టాయ్ స్టోరీ తీసిన పిక్సార్ సినిమాలన్నీ ఒకే లోకంలో జరుగుతాయని ఒక పెద్ద సిద్ధాంతం అల్లింది కూడా ఆయనే. ఆయన గమనించింది చిన్న విషయం. ఆండీకి ఇష్టమైన కౌబాయ్ బొమ్మ వుడీ టోపీ గోధుమరంగు. ఆండీ కౌబాయ్ ఆట ఆడేటప్పుడు పెట్టుకునేది ఎర్ర టోపీ. వుడీ అంటే ప్రాణం పెట్టే పిల్లాడు వుడీ లాంటి టోపీ కావాలని పేచీ పెడతాడు గానీ వేరే రంగు టోపీ ఎందుకు పెట్టుకుంటాడు? ఆ ఎర్ర టోపీ అచ్చం జెస్సీ టోపీలా ఉంటుంది, చుట్టూ ఉండే తెల్ల లేసు ఒక్కటే లేదు. రెండో భాగంలో జెస్సీ తన గతం చెప్పుకునే పాటలో ఎమిలీ దగ్గర కూడా అలాంటి టోపీయే ఉంటుంది. అంటే అమ్మ చిన్ననాటి టోపీ కొడుక్కి చేరిందన్నమాట. వయసుల లెక్క కూడా సరిపోతుంది. ఆ పాటలో గది, ఫోను, రికార్డులు చూస్తే అరవైల చివరో, డెబ్భైల మొదలో అనిపిస్తుంది. అప్పటి చిన్నపిల్లకి 1995 నాటికి ఆండీ అంత కొడుకు ఉండటంలో వింతేముంది?

ఇంతవరకూ నువ్వూ రాశావు. కానీ ఒక్క టోపీతో కేసు నిలబడదురా. ఎర్ర కౌబాయ్ టోపీ ఏ కొట్లోనైనా దొరుకుతుంది.

మా అక్క కూతురు చిన్ని సంక్రాంతికి వచ్చినప్పుడు దానికి మొదటి మూడు భాగాలూ వరసగా వేసి చూపించాను. మూడో భాగం నడుస్తుంటే నాకు తట్టింది. ఆండీ కాలేజీకి వెళ్తూ బొమ్మల్ని అటక మీద పెడదామని చెత్త సంచీలో వేస్తాడు. వాళ్ళమ్మ ఆ సంచీ చూసి చెత్తే అనుకుని వీధిలో పెట్టేస్తుంది. బొమ్మలు ఎలాగో బయటపడి గ్యారేజీలోకి వస్తాయి. అక్కడ జెస్సీ ఏమంటుందో గుర్తుందా? ఎమిలీ కథే మళ్ళీ మొదలైందంటుంది! పేరు పెట్టి మరీ అంటుంది. తర్వాత పిల్లల డేకేర్ సన్నీసైడ్‌కి ఇచ్చేసే పెట్టెలోకి ఎక్కుదామని అందర్నీ లేవదీసేదీ అదే. ఆ పెట్టెని కార్లో పెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చేసింది ఎవరు? ఆండీ వాళ్ళమ్మ.

ఇప్పుడు రెండో భాగంలో పాట గుర్తు చేసుకో. ఎమిలీ జెస్సీని కార్లో తీసుకెళ్తుంది. మళ్ళీ ఆడుకుందాం అని కాబోలనుకుని జెస్సీ మురిసిపోతుంది. తీరా చూస్తే తనని దానం పెట్టెలో వేసి వెళ్ళిపోతుంది. ఆ పెట్టె పక్కన నిలబెట్టి ఈ పెట్టె చూడరా. అదే కారు ప్రయాణం, అదే దానం పెట్టె, అదే బొమ్మ. ఎమిలీయే ఆండీ వాళ్ళమ్మ అయితే జెస్సీని రెండుసార్లు పంపేసింది ఒకే మనిషి. మొదటిసారి తెలిసి, రెండోసారి తెలియక. “ఎమిలీ కథే మళ్ళీ” అని జెస్సీ అన్న మాట అక్షరాలా నిజమవుతుంది, అలా నిజమైందని జెస్సీకి మాత్రం తెలియదు. ఇది తట్టాక నేను సినిమా ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను. “ఏమైంది మావయ్యా, ప్లే చెయ్యి” అని చిన్ని గొడవ.

చిన్నికి చెప్తే అది ఊరుకుంటుందా? వెంటనే అడిగింది: “మరి జెస్సీ ఆండీ వాళ్ళింట్లో అన్నేళ్ళు ఉంది కదా, ఎమిలీని గుర్తుపట్టలేదా?” ఈ ప్రశ్న నువ్వు అడగలేదు, నెగ్రోనీకి జై కొట్టిన వాళ్ళు చాలామంది అడగలేదు, తొమ్మిదేళ్ళ పిల్ల అడిగింది. చాలాసేపు ఆలోచించాను. జెస్సీకి తెలిసిన ఎమిలీ చిన్నపిల్ల. తర్వాత గోళ్ళకి రంగు వేసుకునే వయసులో ఉన్నప్పుడు మంచం కింది నుంచి కాళ్ళూ గొంతూ తప్ప జెస్సీకి కనిపించిందేముంది? ఆ తర్వాత ఏళ్ళ తరబడి చీకటి డబ్బాలో ఉంది. ఆండీ ఇంటికొచ్చాక చూసింది ఇద్దరు పిల్లల తల్లిని. నీకు మూడో క్లాసు చెప్పిన టీచర్ బందరు రోడ్డు మీద ఎదురైతే గుర్తుపడతావా? ఆవిడ నిన్ను గుర్తుపడుతుందా? చిన్నికి ఈ జవాబు సగమే నచ్చింది. మిగతా సగం నీకు వదిలేస్తున్నా.

అమ్మ వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. రెండో భాగం చివర ఆండీ క్యాంపు నుంచి వచ్చి మంచం మీద జెస్సీనీ, గుర్రాన్నీ చూసి “కొత్త బొమ్మలు! థాంక్స్ అమ్మా!” అని అరుస్తాడు. ఆవిడ కొనలేదు కదా! అయినా ఆ క్షణంలో ఆవిడ ముఖం మనకి చూపించరు. ఆ తర్వాత గదిలోకొచ్చి ఆ బొమ్మని చూసి ఏమనుకుందో మన ఊహకే వదిలేశారు.

ఇక నువ్వు కన్నీళ్ళు పెట్టుకున్నానని రాసిన రెండో కథ, ఆండీ నాన్న కథ. శీనూ, నిన్ను బాధపెట్టాలని కాదు గానీ దాన్ని నేను ఒప్పుకోను. ఆండీ నాన్న పేరు కూడా ఆండీయేనట, చిన్నప్పుడు పోలియో వచ్చిందట, వుడీ ఆయన బొమ్మేనట, చనిపోతూ అటక మీది పెట్టె తాళంచెవి కొడుక్కి ఇచ్చాడట. 2017లో ఇది ఊరంతా పాకింది. బొమ్మల రంగంలో ఉన్న మైక్ మోజార్ట్ అనే ఆయన, తనకి ఇది జో రాన్ఫ్ట్ చెప్పాడని చెప్పాడు. రాన్ఫ్ట్ మామూలు మనిషి కాదు, మొదటి టాయ్ స్టోరీ కథ అల్లిన వాళ్ళలో ఒకడు. రెండో భాగంలో దగ్గుతూ ఉండే పెంగ్విన్ వీజీకి గొంతు ఇచ్చింది కూడా ఆయనే. కానీ ఆయన 2005లోనే కారు ప్రమాదంలో పోయాడు. లేని మనిషి మాట కదా, అడగడానికి లేదు, తోసెయ్యడానికి లేదు. కథ రాసిన వాళ్ళలో ఇంకొకడైన ఆండ్రూ స్టాంటన్ అది పచ్చి అబద్ధమని ఆ ఏడాదే బహిరంగంగా కొట్టిపారేశాడు.

స్టాంటన్ కాదన్నాడని నేను కాదనడం లేదు, అది గుర్తుపెట్టుకో. ఆయన అవునన్నా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎందుకంటే ఆ కథకి తెర మీద ఆధారం లేదు. పోలియో టీకా వచ్చింది 1955లో. నాన్న ఆ జబ్బు పడ్డాడంటే అటూ ఇటూగా ఆ కాలమే. ఆయన బొమ్మల్లో మిస్టర్ పొటాటో హెడ్ కూడా ఉందంటారు. ఆ బొమ్మ మార్కెట్లోకి వచ్చింది 1952లోనే, నిజమే. కానీ మొదట్లో దానికి ఒళ్ళే లేదు! ముక్కూ, చెవులూ, మీసం మాత్రం అమ్మేవాళ్ళు, ఇంట్లో బంగాళాదుంపకి పిల్లలే గుచ్చుకోవాలి. ప్లాస్టిక్ ఒళ్ళు వచ్చింది 1964లో. ఆండీ ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ ఒళ్ళున్న బొమ్మ కదా. మరి యాభైల నాటి పెట్టెలోకి అదెలా వచ్చిందిరా? నాన్న ఎందుకు కనపడడన్న దానికి నాకు తెలిసిన కారణం సాదాసీదాది. ఆ రోజుల్లో కంప్యూటర్‌తో మనిషి ముఖం, చర్మం, జుట్టు తయారుచెయ్యడం మహా కష్టం, ఖర్చు. బొమ్మల కథ ఎంచుకోవడానికి కూడా ప్లాస్టిక్ అయితే కంప్యూటర్‌లో బాగా కుదురుతుందన్నదే ఒక కారణం. అవసరం లేని మనిషిని ఎందుకు చేస్తారు?

అయితే ఆ కథలో ఒక్క ముక్క నాకు కావాలి, దాన్ని వదులుకోను. వుడీ పాత బొమ్మే. ఇందుకు ఎవరి మాటా అక్కర్లేదు, ఆండీ వాళ్ళమ్మే చెప్తుంది. ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే బొమ్మల కొట్టు అల్ వచ్చి వుడీని డబ్బిచ్చి కొనుక్కుంటానంటాడు. ఆవిడ అమ్మనంటుంది, ఇది మా కుటుంబంలో పాతకాలం నాటి బొమ్మ అంటుంది. అక్కడితో ఆగకుండా వుడీని డబ్బుల పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది!

కానీ ఇక్కడే అసలు చిక్కు. వుడీ వచ్చిన టీవీ కార్యక్రమం యాభైల నాటిది. సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక పిల్లలందరూ అంతరిక్షం బొమ్మల మీద పడ్డారని, కార్యక్రమం ఆగిపోయిందని గడ్డం ముసలాడు పీట్ చెప్తాడు. స్పుత్నిక్ 1957. అంటే వుడీ అంతకంటే ముందువాడు. అయినా అల్ గదిలో తన బొమ్మలున్న పెట్టెలూ పళ్ళేలూ చూసి నోరెళ్ళబెడతాడు. తను ఎవరో తనకే తెలియదు. ఇది చూసి కొందరు వుడీకి మతిమరుపు అన్నారు, కొందరు నకలు బొమ్మ అన్నారు. నాకు అవేవీ కుదరలేదు.

నా ఆలోచన చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. ఆ సినిమాల్లో ఏ బొమ్మకీ తన పుట్టుక తనంతట తనకి తెలియదురా. ఎవరో చెప్పాలి, లేదా ఎక్కడో చూడాలి. అంతరిక్ష వీరుడి బొమ్మ బజ్ తను బొమ్మనని ఎలా తెలుసుకున్నాడు? పక్కింటి అల్లరి పిల్లాడు సిడ్ ఇంట్లో టీవీలో తన ప్రకటన చూసి. వుడీ తన వంశం ఎలా తెలుసుకున్నాడు? అల్ గదిలో పాత టేపులు టీవీలో చూసి. ఇద్దరికీ టీవీయే చెప్పింది. పీట్‌కి తెలుసంటే, అల్ పోగేసిన సరంజామా మధ్య ఏళ్ళ తరబడి ఉన్నాడు కాబట్టి తెలుసు. వుడీకి చెప్పేవాళ్ళు లేరు. ఆండీ ఇంట్లో అతనికి తెలిసింది ఒక్కటే, బూటు అడుగున రాసిన ఆండీ పేరు. అది చాలనుకున్నాడు.

ఇది మా ఇంట్లో కొలువు పెట్టిన రోజు నాకు ఇంకా బాగా అర్థమైంది. అమ్మమ్మ బొమ్మలు ఇప్పుడు అక్క దగ్గర ఉంటాయి, పండక్కి తెచ్చి ఇక్కడే పెట్టింది. అందులో కొండపల్లి ఎడ్లబండి ఒకటుంది. కుడి ఎద్దుకి కొమ్ము విరిగింది. విరిగినచోట తెల్లపొణికి చెక్క బయటపడింది, దాని అంచున మక్కు కొంచెం పెళుసుగా అంటుకుని ఉంది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ఆ మక్కుతోనే కదా వాళ్ళు కాళ్ళూ కొమ్ములూ విడివిడిగా చెక్కి అతికిస్తారు. చిన్ని బండిని తిరగేసి చూసింది. చక్రాల మధ్య, రంగు వెయ్యని చోట, ఊదారంగు పెన్సిల్‌తో “క” అని రాసుంది. అమ్మమ్మ పేరులో క లేదు. ఆవిడ అక్కచెల్లెళ్ళ పేర్లలోనూ లేదు. అమ్మని అడిగితే, అప్పట్లో కొలువుకి ఇళ్ళ మధ్య బొమ్మలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళని, మారిపోకుండా అక్షరం రాసుకునేవాళ్ళని చెప్పింది. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకోవడం లాంటిదే. అంటే ఈ బండి ఎవరింటి నుంచో వచ్చి తిరిగి వెళ్ళలేదు!

చిన్ని ఊరుకోలేదు. సాయంత్రం పేరంటానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ “మీ ఇంట్లో క ఎవరు?” అని అడిగింది. రాత్రికి ఒక కథ తయారుచేసింది: క అనే అమ్మాయికి పెళ్ళై దూరం వెళ్ళిపోయింది, వెళ్తూ బండిని అమ్మమ్మకి దాచమని ఇచ్చింది, కొమ్ము విరిగినందుకు అమ్మమ్మ భయపడి తిరిగివ్వలేదు. మా అమ్మ నవ్వలేదు. “అయ్యుండొచ్చే” అంది. నువ్వూ నేనూ ఆండీ టోపీ చుట్టూ చేస్తున్నది సరిగ్గా ఇదే, శీనూ. ముందు ఒక గుర్తు దొరకాలి. టోపీకి లేని లేసు కావచ్చు, పెన్సిల్ అక్షరం కావచ్చు. దాన్ని పట్టుకుని మనిషి దాకా వెళ్ళాలి. నాన్న కథలో ఆ గుర్తు లేదు, అమ్మ కథలో ఉంది. నా తేడా అంతే.

మర్నాడు ఆ ఎడ్లబండినీ, చిన్నినీ తీసుకుని ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి వెళ్ళాను, కొమ్ము పెట్టిద్దామని. బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన బండిని అటూ ఇటూ తిప్పి, ఎద్దు మెడ మీద గీతలు చూసి, ఇది పాత చేతిపని అన్నాడు. చేసిందెవరో చెప్పగలరా అని చిన్ని అడిగింది. “చేసినవాడి పేరు బొమ్మ మీద ఉండదమ్మా, ఆడుకున్నవాళ్ళ పేరే ఉంటుంది” అన్నాడాయన. కొత్త కొమ్ము అతికించి ఇచ్చాడు, రంగు మాత్రం వెయ్యొద్దన్నాను.

అందుకే 2022లో బజ్ మీద వచ్చిన లైట్‌ఇయర్ నాకు నచ్చలేదు. అంత డబ్బు, అంత సాంకేతికత పెట్టి, ఆండీ 1995లో చూసిన సినిమా ఇదేనని మొదట్లోనే అక్షరాలు వేసి మరీ చెప్పారు. బజ్ బొమ్మకి గతం ఇదని పైనుంచి నిర్ణయించారు. రెండో భాగంలో బజ్ శత్రువు జర్గ్ బజ్‌తో నేనే నీ తండ్రినంటాడు. ఇందులో జర్గ్ అంటే ముసలివాడైన బజ్‌! తండ్రా, తనేనా? అభిమానులు దీన్ని అతకడానికి నానా తంటాలూ పడుతున్నారు. నేను అతకను. బజ్ గతం అంటే నా వరకు అతను ఆండీ పుట్టినరోజున పెట్టెలోంచి బయటికొచ్చిన క్షణం నుంచే.

సిడ్ గురించి కూడా రాశావు. మూడో భాగంలో పుర్రె బొమ్మ చొక్కాతో చెత్త బండి మీద కనపడేది అతనే, అందులో అనుమానం లేదు. బొమ్మలకి ప్రాణముందని తెలిశాక వాటిని కాపాడటానికే ఆ ఉద్యోగంలో చేరాడన్న మాట వినడానికి బాగుంది, కానీ తెర మీద అతను హాయిగా పాటలు వింటూ పని చేసుకుంటున్నాడు, అంతే. అతనికి ఆ పని శిక్ష అనే వాళ్ళ మాట మాత్రం నాకు ఒళ్ళు మంట. పొద్దున్నే మా వీధిలోకి వచ్చే బండి మనుషులు లేకపోతే ఈ ఊరు రెండు రోజులు ఆగుతుందా?

మూడో భాగంలోని ఎలుగుబంటి బొమ్మ లాట్సో గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను. దాని గతం సినిమాలోనే పూర్తిగా ఉంది కాబట్టి మనం కలపాల్సింది తక్కువ, కానీ తన యజమాని డైసీ ఇంటి కిటికీలోంచి తనలాంటి ఇంకో ఎలుగుబంటిని చూసినప్పటి ముఖం గురించి నీతో మాట్లాడాలి.

నువ్వు ఈలోపు ఒక పని చెయ్యి. మూడో భాగం చివర ఖాళీ అయిపోయిన ఆండీ గదిలోకి వాళ్ళమ్మ వచ్చి నిలబడే సీను ఉంది కదా, ఎప్పుడూ నీతోనే ఉండగలిగితే బాగుండునని అంటుంది. ఆ సీనుని, ఆవిడ ఒకప్పుడు ఎమిలీ అనుకుని ఒకసారి, కాదనుకుని ఒకసారి చూడు. రెండుసార్లూ ఒకేలా ఉంటే నా వాదన వదిలేస్తాను. తేడా ఉంటే ఆ తేడా ఏంటో రాసి పంపు. చిన్ని కూడా నీ జవాబు కోసం చూస్తోంది, “శీను మావయ్య ఏమన్నాడు” అని రోజూ ఫోన్ చేసి అడుగుతోంది.

పచ్చడి అందగానే చెప్పు.

నీ
రాజా